నీలం డ్రమ్ములో మందు

రొయ్యలకు బలమని గుంటలో పోసే మందులోనే మనిషి చేతిని కుళ్ళబెట్టే క్రిమి పెరుగుతోందని ఇన్‌క్యుబేటర్ తలుపు తీసిన మరుక్షణం ఎవాంజెలిన్‌కు తెలిసిపోయింది.

ప్లేటు నిండా ఆకుపచ్చ చుక్కలు. ఒకటీ అరా కాదు, సూది మోపే సందు లేదు. పక్క ప్లేటు తీసింది. అది గుంట నీళ్ళది. అక్కడక్కడా చుక్కలున్నాయి. ఉప్పునీటి గుంటన్నాక ఆ మాత్రం ఉండేవే. మూడోది షాపులో అమ్మే సీలు ప్యాకెట్టులోని ప్రోబయోటిక్ పొడిది. అది కడిగినట్టు శుభ్రంగా ఉంది.

మళ్ళీ మొదటిది చేతిలోకి తీసుకుంది. మూత మీద నిన్న తనే రాసింది, "నీలం డ్రమ్ము" అని.

ముత్తుకూరు బజారులో ఎవాంజెలిన్‌ది నీళ్ళు పరీక్ష చేసే చిన్న ల్యాబు. చుట్టుపక్కల రొయ్యల రైతులు సీసాల్లో గుంట నీళ్ళు తెచ్చిస్తారు. అందులో విబ్రియో అనే క్రిమి ఎంతుందో ఆమె చూసి చెబుతుంది. ఈ ప్లేట్లలో పోసే జావ ఆ జాతికే సరిపడుతుంది. రైతులు 'మంచి బాక్టీరియా' అని పిలుచుకునే ప్రోబయోటిక్ దీని మీద మొలవదు. ఆ మంచిదాన్ని బెల్లం నీళ్ళలో పులియబెట్టి గుంటలో పోస్తే చెడ్డవాటిని అణిచి ఉంచుతుందని గట్టు మీద డ్రమ్ములు పెడతారు. తీరా చూస్తే కాపలావాళ్ళకిచ్చిన ఇంట్లో దొంగలే కాపురముంటున్నారు.

ఒక చుక్కను గాజుపలక మీద పూసి మైక్రోస్కోపు కింద పెట్టింది. కామా గుర్తుల్లాంటి వంకర కడ్డీలు అటూ ఇటూ పరుగులు తీస్తున్నాయి. ఫోను అందుకుంది.

"తబస్సూ, డ్రమ్ములో ఉందే. గుంటలో కంటే డ్రమ్ములోనే ఎక్కువ."

అవతల ఉన్నది నెల్లూరు ఆసుపత్రి డాక్టర్ తబస్సుమ్. ఇద్దరూ నెల్లూరులో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్ళు. ఒకరు రొయ్యల క్రిముల వైపు, ఒకరు మనుషుల రోగాల వైపు వచ్చారు. ఇప్పుడు రెండు దారులూ తబస్సుమ్ వార్డులో పడి ఉన్న కూలి మనిషి దిల్షాద్ చేతి దగ్గర కలిశాయి.

"మా ల్యాబులో దిల్షాద్ బొబ్బ నీళ్ళలోనూ వంకర కడ్డీలే కనపడ్డాయి," అంది తబస్సుమ్. "ఇంక అనుమానమెందుకు? సరేగానీ, నాకు కావాల్సింది అది కాదు ఏంజీ. ఆ గుంటలో యాంటీబయోటిక్ ఏం పోశారో కనుక్కోగలవా?"

"ఎందుకు?"

"నిన్నటి నుంచి టెట్రాసైక్లిన్ జాతి మందు ఎక్కిస్తున్నా. ఈ క్రిమి విషం తయారుచేసే ఫ్యాక్టరీని ఆపే మందు అదే. రావాల్సిన గుణం రాలేదు. వాపు మోచెయ్యి దాటింది. గుంటలో అదే పోసుంటే క్రిమి దానికి ఆరితేరిపోయి ఉంటుంది, నేను సిప్రో వైపు మళ్ళాలి. సిప్రో పోసుంటే మాత్రం మళ్ళకూడదు, ఉన్నదాన్నే పెంచాలి. రెండూ కలిపి తట్టుకునే బలం ఆమె ఒంట్లో లేదు."

"నేను టెస్టు పెడతా."

"నేనూ పెట్టాలే. ఎవరు పెట్టినా తేలేసరికి రేపవుతుంది. సర్జన్ గారు మధ్యాహ్నం దాకా చూస్తానన్నారు. ఈలోపు తెలిస్తే చచ్చిన కండ వరకే తీయమని బతిమాలతా. లేకపోతే మోచేతి పైకి తీసేస్తారు. వాళ్ళాయన రఫీ కాగితం మీద సంతకం కూడా పెట్టేశాడు."

ఎవాంజెలిన్ ల్యాబుకు తాళం వేసి స్కూటీ తీసింది.

దిల్షాద్ కుటుంబం ఆమె ల్యాబు వెనక వాటాలోనే ఉంటుంది. దిల్షాద్ గుంటల మీద కూలికి పోతుంది. రఫీ గుంటల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్ల మోటార్లు బాగుచేస్తాడు. మొన్న పొద్దున పెంచలప్రసాద్ గుంట దగ్గర రొయ్యలు ఏరుతుంటే ఒకదాని తల మీది ముల్లు దిల్షాద్ బొటనవేలి మొదట్లో దిగింది. గుంటల మీద చేసే ఆడవాళ్ళకు అది రోజూ తగిలే దెబ్బే. రొయ్య కాలు విరిగితే కంగారు పడతారుగానీ కూలి మనిషికి గ్లవ్సులు కొనిచ్చిన మహానుభావుడు ఆ గట్ల మీద ఇంతవరకు పుట్టలేదు.

నిన్న ఆసుపత్రి మంచం మీద జ్వరంతో వణుకుతూ దిల్షాద్ చెప్పింది. "రక్తం వస్తా ఉంటే, గుంటలకు మందులు చెప్పే రాజ్ కుమార్ సారు చూసినాడక్కా. ఆ డ్రమ్ములో ముంచమ్మా, మంచి బాక్టీరియా, గాయం ఇట్టే మానిపోతాదన్నాడు. సారు చెప్పినాడు గదా అని కాసేపు అట్నే పెట్టుకోనుంటిని."

సాయంత్రానికి చెయ్యి బూరెలా ఉబ్బింది. తెల్లారేసరికి ఊదారంగు బొబ్బలు లేచాయి. పోయినేడు కామెర్లతో కాలేయం దెబ్బతిన్న మనిషి, ఒళ్ళు తట్టుకోలేకపోయింది. ఆ డ్రమ్ము మాట విన్నాకే ఎవాంజెలిన్ నిన్న ఒక కూలీ చేత దాంట్లోంచీ గుంటలోంచీ సీసాలు పట్టి తెప్పించింది.

"కండను పురుగు తింటా ఉండాదా డాక్టరమ్మా?" అని రఫీ అడిగాడు.

"తినడం కాదు రఫీ. తింటే నయం, నిదానంగా తినేది," అంది తబస్సుమ్. "విషం వదులుతుంది. మన ఒళ్ళంతా కంటికి కనపడనంత చిన్న చిన్న నీటి సంచులనుకో. ఒక్కో సంచికీ పల్చటి పొర. ఈ విషం ముక్కలు కొన్ని ఒకచోట చేరి, గుండ్రంగా నిలబడి, ఆ పొరకు చిల్లి వేస్తాయి. బయటి ఉప్పూ నీళ్ళూ లోపలికి తోసుకొస్తాయి. సంచి ఉబ్బి పగిలిపోతుంది. అందులోంచి కారిందంతా క్రిమికి మేత."

"మరి మన ఒంట్లో కాపలా కణాలుంటాయంటారే?"

"వస్తాయి. వాటిలోకి ఇంకో రకం విషం దూరుతుంది. కణం నిలబడటానికి లోపల తాళ్ళలాంటివి ఉంటాయి. ఆ తాళ్ళన్నిటినీ ముడేసి పారేస్తుంది. పోట్లాడటానికి వచ్చినవి కూలబడిపోతాయి. రక్తనాళాల గోడలకూ అదే గతి. అందుకే రక్తం బయటికి ఊరి బొబ్బల్లో చేరింది."

రఫీ తన మసి చేతులు చూసుకున్నాడు. "మోటార్లో సీలు పోతే లోపలికి నీళ్ళు దిగి కాయిలంతా కాలిపోతాదే, అట్టనా?"

"అట్లాగే. ఒక్క మోటారు కాదు, చేతిలో ఉన్న మోటార్లన్నీ. క్రిమిని చంపితే చాలదు. అది విషం తయారుచేసే పని ఆపాలి ముందు. అప్పటికే వదిలేసిన విషం చేసే పని చేస్తూనే పోతుంది."

రఫీ భార్య మంచి చేతిని పట్టుకుని కూర్చుండిపోయాడు. ఆ దృశ్యం గుర్తొచ్చి ఎవాంజెలిన్ యాక్సిలరేటరు ఇంకాస్త తిప్పింది. స్కూటీ థర్మల్ ప్లాంటు పొగగొట్టాల పక్కనుంచి సముద్రం వైపు మట్టిరోడ్డులోకి మళ్ళింది.

పెంచలప్రసాద్ గుంట మీద పట్టుబడి జరుగుతోంది, పంట మొత్తం ఎత్తేసే రోజు. మగవాళ్ళు మొలలోతు నీళ్ళలో వల లాగుతున్నారు. గట్టు మీద ఆడవాళ్ళు వరసగా కూర్చుని రొయ్యలు సైజుల వారీగా ఏరి క్రేట్లలో పోస్తున్నారు. రొయ్యలు కొనే కంపెనీ వాళ్ళ ఐసు నింపిన లారీ తలుపులు తెరుచుకుని నిలబడి ఉంది. పక్కనే రేకుల షెడ్డులో నీలం డ్రమ్ము. మూత మీద రాయి.

పెంచలప్రసాద్ ఎదురొచ్చాడు. తెల్ల పంచె, చేతిలో రెండు ఫోన్లు. "ఏంది మేడం, పట్టుబడి రోజు వచ్చినారు? నీళ్ళ పరీక్షలు ఇంకేముండాయి, గుంట ఎత్తేస్తా ఉంటే."

"నీళ్ళ కోసం కాదన్నా. దిల్షాద్ కోసం."

"ఏ దిల్షాద్?"

"మొన్న మీ గుంటలో ముల్లు గుచ్చుకున్న దిల్షాద్."

"మా గుంటలోనేనని ఏం గ్యారంటీ? వాళ్ళు రోజుకో గట్టు మీద చేస్తారు. చేపలు కూడా కడుక్కుంటారు ఇంటికాడ."

క్రేట్ల దగ్గర నుంచి ఒక పెద్ద గొంతు లేచింది. ఆడ కూలీల మేస్త్రి రెబెక్కమ్మ. "ఇక్కడేలే నాయనా, నా పక్కనే కూచోనుండింది. నువ్వప్పుడు ఇదే షెడ్డులో టీ తాగతా ఉండావు."

పెంచలప్రసాద్ విననట్టు ఫోను చూసుకున్నాడు.

షెడ్డులోంచి రాజ్ కుమార్ బయటికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నల్ల కళ్ళద్దాలు. చుట్టుపక్కల గుంటలకు సలహాలిచ్చే కన్సల్టెంటు. ఏ గుంటకు ఎంత మేత వెయ్యాలో, ఏ మందు పొయ్యాలో అతను చెప్పిందే వేదం. రైతులు అతన్ని 'రొయ్యల డాక్టరు' అంటారు. అతను కాదనడు.

"రండి మేడం. మా డ్రమ్ములోంచి సీసా పట్టించుకుపోయినారంట, ఏం తేలింది?"

"డ్రమ్ము నిండా విబ్రియో ఉంది రాజ్ కుమార్ గారూ. షాపు ప్యాకెట్టులో ఒక్కటి కూడా లేదు. మీ డ్రమ్ములోకి ఎట్లా వచ్చింది?"

అతను నవ్వాడు. "ప్యాకెట్టా? ప్యాకెట్లు కొనేది తెలివిలేనోళ్ళు మేడం. నాది పాత తోడు. మొదట ఒక్కసారి కొన్నా, అంతే. డ్రమ్ము ఎప్పుడూ ఖాళీ చెయ్యను. అడుగున బిందెడు వదిలి, బెల్లం వేసి, గుంట నీళ్ళు పోస్తే తెల్లారేసరికి పొంగిపోతాది. మూడు పంటల నుంచి అదే తోడు. మీ ఇంట్లో పెరుక్కి రోజూ కొత్త తోడు కొంటారా ఏంది?"

కూలీల్లో ఒకరిద్దరు నవ్వారు. పెంచలప్రసాద్ కూడా నవ్వాడు.

"తోడేసే ముందు మా ఇంట్లో పాలు కాస్తారండీ," అంది ఎవాంజెలిన్. "పొంగే దాకా కాచి, చల్లార్చి, అప్పుడు వేస్తారు. మీరు నీళ్ళు కాచారా? గుంటలో ముంచి అట్లాగే పోశారు. ఆ నీళ్ళలో ఏముంటుందో మీకు తెలియదా? ఉప్పునీళ్ళు, వెచ్చదనం, పైన బెల్లం. విబ్రియోకు పెళ్ళి భోజనం పెట్టారు. ప్రతిసారీ మంచిది కాస్త తగ్గింది, చెడ్డది కాస్త పెరిగింది. ఇప్పుడక్కడ మీ మంచి బాక్టీరియా పేరుకైనా లేదు. మీరు రోజూ గుంటలో పోసింది మందు కాదు, రోగం!"

నవ్వులు ఆగిపోయాయి. వల లాగుతున్నవాళ్ళు కూడా ఇటు చూశారు.

"అవన్నీ ల్యాబు మాటలు," అన్నాడు రాజ్ కుమార్. "రొయ్యలు చూడండి, ఎట్ట మెరుస్తుండాయో."

"అదే అడుగుతున్నా. డ్రమ్ములో ఇంత రోగం పెట్టుకుని రొయ్యలు ఎట్లా బతికాయి? మధ్యలో చచ్చిపోవడం మొదలై ఉండాలి. మీరు ఏదో పోసి ఆపి ఉండాలి. ఏం పోశారు?"

"ఏమీ పొయ్యలా."

"యాంటీబయోటిక్ పేరు చెప్పండి. ఒక్క మాట. నేను పోలీసును కాను, కంపెనీ మనిషిని కాను. అక్కడ డాక్టరు ఫోను పట్టుకుని ఉంది. పేరు తెలిస్తే సరైన మందు ఎక్కిస్తుంది, దిల్షాద్ చెయ్యి మిగులుతుంది. తెలియకపోతే మోచేతి పైకి కోస్తారు. మధ్యాహ్నానికి."

పెంచలప్రసాద్ గబగబా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "మేడం, లారీ కాడ కంపెనీ సూపర్‌వైజరు ఉండాడు. మందూ మాకూ అని ఇక్కడ అరవబాకండి. మందు తిన్న రొయ్యలని ఒక్క లోడు వెనక్కి పంపితే నా పంటంతా గంగపాలు. ఆమె ఆసుపత్రి ఖర్చు నేను చూసుకుంటాలే."

"ఖర్చు చూసుకుంటారా? చెయ్యి ఎక్కడ దొరుకుతుందన్నా కొనడానికి? మీ ఐసు లారీలో తెప్పిస్తారా?"

ఎవాంజెలిన్ నేరుగా షెడ్డులోకి నడిచింది. రాయి పక్కకు తోసి డ్రమ్ము మూత లేపింది. పులిసిన బెల్లం వాసన రావాల్సిన చోట కుళ్ళిన కంపు గుప్పుమంది. రాజ్ కుమార్ వైపు తిరిగింది. పొద్దుటి నుంచి రొయ్యలు పట్టి చూస్తున్న అతని వేళ్ళ నిండా ఎర్రటి గీతలున్నాయి.

"ఇది మంచి బాక్టీరియానే అంటారు కదా. మీ వేళ్ళకూ గాయాలున్నాయి. ముంచండి. తప్పు నాదేనని రాసిస్తా, ల్యాబు మూసేస్తా."

"ఇదేం పిచ్చి పందెం మేడం?"

"దిల్షాద్‌కు చెప్పారే, గాయం ఇట్టే మానిపోతుందని. మీకు మానదా?"

"చొక్కా పాడైపోతాది."

"చొక్కా ఇప్పు సారూ," అని రెబెక్కమ్మ లేచి వచ్చింది. "మేం పట్టుకుంటాం. మంచి బాక్టీరియా గదా, మూడు పంటల తోడు గదా. ముంచు. మా దిల్షాద్ ముంచలా?"

"ముంచవయ్యా, ఈ గోల వదిలిపోతాది," అన్నాడు పెంచలప్రసాద్ విసుగ్గా.

రాజ్ కుమార్ రెండడుగులు వెనక్కి వేశాడు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. బళ్ళో దెబ్బ తప్పించుకునే పిల్లవాడు పెట్టుకున్నట్టు.

ఆ చేతులు దాక్కోవడం అక్కడున్న ప్రతి ఒక్కరూ చూశారు. పెంచలప్రసాద్ చూపు ఆ చేతుల మీంచి డ్రమ్ము మీదికి పోయింది. మందు సంగతి అతనికి తెలుసు. డ్రమ్ము సంగతి మాత్రం ఇప్పుడే తెలిసినట్టుంది.

రెబెక్కమ్మ తన అరచేతులు పైకెత్తి చూసుకుంది. రొయ్య ముళ్ళు గీసిన గీతలు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళూ చూసుకున్నారు. "మే, లేవండి," అందామె. "ఒక్క రొయ్య ముట్టుకోబాకండి. ఒరే నీళ్ళలో ఉండేవాళ్ళు, మీరూ గట్టెక్కండ్రా. ఆయన ముంచని నీళ్ళలో మనమెందుకు ముంచాల?"

క్రేట్లు ఎక్కడివి అక్కడ ఆగాయి. వల వదిలేసి మగవాళ్ళు ఒక్కొక్కరే గట్టెక్కారు. లారీ దగ్గర సూపర్‌వైజరు చేతులు ఊపుతూ ఏదో అరుస్తున్నాడు. ఎండలో రొయ్యలు ఎర్రబారడం మొదలైతే ఎవడూ కొనడని పెంచలప్రసాద్‌కు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

"రెబెక్కమ్మా, నీకు దణ్ణం పెడతా, పని ఆపబాక!"

"నాకెందుకు దణ్ణం? ఆయనకు పెట్టు, నోరు తెరవమని."

పెంచలప్రసాద్ రాజ్ కుమార్ చొక్కా కాలరు పట్టుకున్నాడు. ఇస్త్రీ నలిగింది, కళ్ళద్దాలు బురదలో పడ్డాయి. "చెప్పి చావరా! ఏం పోసినావో ఆ డాక్టరమ్మకు చెప్పు! నా గుంటను రోగాల కొంప చేసి, నాతో డబ్బాలు డబ్బాలు మందులు మోయించి, ఇప్పుడు చేతులు దాచుకుంటావా!"

ఎవాంజెలిన్ అప్పటికే తబస్సుమ్ నంబరు నొక్కింది. స్పీకరు పెట్టి ఫోనును అతని ముఖం ముందుకు చాపింది.

"డాక్టరమ్మ వింటోంది. మాట్లాడు," అంది. 'గారు' ఎప్పుడు ఊడిపోయిందో ఆమెకే తెలియదు.

"చెప్పండి," అంది ఫోనులో తబస్సుమ్. "ఏ మందు? టెట్రాసైక్లినా, సిప్రోనా?"

రాజ్ కుమార్ పెదాలు తడుపుకున్నాడు. లారీ వైపు ఒకసారి, నేల వైపు ఒకసారి చూశాడు.

"టెట్రాసైక్లిన్ అమ్మా. పశువుల మందు, డబ్బాల్లో వస్తాది. మేతలో కలిపి పెట్టినా. సిప్రో ముట్టుకోలా, ఒట్టు, మా అమ్మ మీద ఒట్టు. అదొక్కటే. నెల కిందట రొయ్యలు గట్టుకు కొట్టుకొచ్చి చచ్చిపోతా ఉంటే ఒకదాన్ని కోసి చూసినా. లోపల కాలేయం తెల్లగా, పాలిపోయి, వేలితో నలిపితే నీళ్ళైపోయింది. విషం కొట్టిందని అప్పుడే తెలిసింది నాకు. డ్రమ్ము మీదనే అనుమానం వచ్చింది. పారబోద్దామనుకున్నా. పారబోస్తే ఎందుకు పారబోసినావని అడుగుతారు గదా. రొయ్యల డాక్టరు తోడు కుళ్ళిపోయిందంటే రేపు నన్ను ఏ గట్టు మీదికి రానిస్తారు? అందుకని మందు కలిపినా. చావులు ఆగినాయి. ఆగినాక ఇంకేం కాదులే అనుకున్నా. ఆ తోడే వేరే గుంటలకు కూడా క్యాన్లలో పట్టుకుపొయినా. ఆ గుంటలు ఏవేవో అన్నీ చెప్తా. దిల్షాద్‌కు రక్తం వస్తా ఉంటే అందరి ముందర డ్రమ్ము మంచిదేనని చూపించుకోవాలనిపించింది. ముంచమని అందుకే చెప్పినా. చెయ్యి ఇట్ట అయిపోతాదని నాకు తెలీదమ్మా, నిజం. కానీ నిన్న పొద్దున ఆమెను నెల్లూరు తీసుకుపొయినారని తెలిసింది. ఏ మందు వాడినారని ఆసుపత్రి నుంచి అడుగుతారనీ తెలుసు. నిన్నే ఫోను చేసుండాల్సింది. మందు పేరు బయటికొస్తే కంపెనీ వాళ్ళు సరుకు ఎత్తరు. ఒక్కరోజు గదా, చెయ్యి ఎక్కడికీ పోదులే అనుకున్నా. లారీ రోడ్డెక్కినాక చెబుదామనుకున్నా."